చివరి ఆయకట్టుకు వంతు: ఉమ్మడి ప్రయోగశాల పరికరాల ఆన్‌లైన్ కేటాయింపుపై సిద్దిపేట నుంచి ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఖరీదైన ప్రయోగశాల పరికరాలను పలు సంస్థల పరిశోధకులు పంచుకోవడానికి ఆన్‌లైన్ కేటాయింపు సాఫ్ట్‌వేర్ అవసరమన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. ఏ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవాలన్న చర్చ మాత్రం తరచుగా ధర, సదుపాయాల జాబితా దగ్గరే ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఎంపిక అంటే వంతుల నియమాల ఎంపిక అని, దాని విలువను పరికరానికి దూరంగా ఉన్న పరిశోధకుడి నిరీక్షణ కాలంతో కొలవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సిద్దిపేట జిల్లా విద్యాసంస్థలను దృష్టిలో ఉంచుకొని ఐ-స్టెమ్, లిబ్రేబుకింగ్, నెమో, ఐల్యాబ్ వ్యవస్థలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉమ్మడి పరికరాలు, ఐ-స్టెమ్, వంతు, నిరీక్షణ కాలం, సిద్దిపేట.

1. ఉపోద్ఘాతం:

తెలంగాణ పల్లెల్లో చెరువు నీటిని పొలాలకు వంతులవారీగా వదిలే బాధ్యత నీరటిది. చెరువు ఎంత నిండిందన్నది ఒక లెక్క, చివరి ఆయకట్టు మడికి నీరు చేరిందా లేదా అన్నది మరొక లెక్క. మొదటి లెక్క బాగున్నంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు. ఉమ్మడి వనరుల నిర్వహణపై 1990లో గ్రంథం వెలువరించి, 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ సాగునీటి వంతుల వ్యవస్థలను పరిశీలించే తన సిద్ధాంతంలో ముఖ్యభాగాన్ని నిర్మించింది. స్థానిక పరిస్థితికి తగిన నియమాలు, వాడుకదారులకు జవాబుదారీగా ఉండే పర్యవేక్షణ, తప్పు తీవ్రతను బట్టి పెరిగే శిక్షలు ఆమె గుర్తించిన లక్షణాలలో కొన్ని. ప్రయోగశాల పరికరం కూడా ఇలాంటి వనరే. ఒకరు వాడుతున్న గంటలో మరొకరు వాడలేరు. కాబట్టి కేటాయింపు సాఫ్ట్‌వేర్‌ను నీరటి పనిచేసే యంత్రంగా చూసి విమర్శించడం సమంజసం.

2. సిద్దిపేట స్థితి:

2016 అక్టోబర్ 11న పూర్వపు మెదక్ జిల్లా నుంచి సిద్దిపేట, సంగారెడ్డి వేరువేరు జిల్లాలుగా ఏర్పడ్డాయి. కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాద్ సంగారెడ్డి జిల్లాలోకి వెళ్లింది. సిద్దిపేట జిల్లాలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల, ప్రభుత్వ వైద్య కళాశాల, ములుగులో శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల-పరిశోధన సంస్థ ఉన్నాయి. ఇవి వేరువేరు శాఖల పాలన కింద నడిచేవి. పండ్ల నాణ్యత, అటవీ మొక్కల రసాయనాలు, ఔషధ పదార్థాలు అనే మూడు రకాల అధ్యయనాలకూ హెచ్.పి.ఎల్.సి. వంటి ఒకే పరికరం ఉపయోగపడుతుంది. అయితే ఏ సంస్థకు ఆ సంస్థ సొంత సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే పక్క సంస్థ పరిశోధకుడు అందులో 'బయటి వాడుకదారు'గా నమోదవుతాడు. ఒకే జిల్లాలో ఉన్నవారిని ఒకరికొకరు పరాయివారిని చేసే ఈ విభజన చాలా సాఫ్ట్‌వేర్లలో వాడుకదారుల వర్గీకరణ రూపంలో ముందుగానే సిద్ధంగా ఉంటుంది.

జిల్లా దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయ కేంద్ర పరిశోధన సదుపాయాలు, ఐ.ఐ.టి. హైదరాబాద్ ఆధారమవుతాయి. సిద్దిపేట నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట-సికింద్రాబాద్ రైలు ప్రారంభమైనా, ఉదయం 9 గంటల వంతు దొరికిన పరిశోధకుడికి ప్రయాణమే పెద్ద ఖర్చు. ఆఖరి నిమిషంలో వంతు రద్దయితే ప్రాంగణంలో ఉన్నవారు కోల్పోయేది ఒక గంట. ఇతడు కోల్పోయేది ఒక రోజు.

3. జాతీయ వేదిక:

పరికరాలను పంచుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1970ల దశకంలోనే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ప్రాంతీయ పరికర కేంద్రాలను నెలకొల్పింది. ఐ-స్టెమ్ జాతీయ పోర్టల్ 2020 జనవరి 3న బెంగళూరులో జరిగిన 107వ భారత సైన్స్ కాంగ్రెస్‌లో ప్రారంభమైంది. తొలి దశలో 1,050 సంస్థలకు చెందిన 20,000కు పైగా పరికరాలు అందులో నమోదైనట్టు 2021లో ప్రభుత్వం ప్రకటించింది. 2022లో వెలువడిన 'శ్రీమాన్' మార్గదర్శకాలు ప్రజాధనంతో కొన్న పరికరాలను పంచుకోవాలన్న విధానాన్ని స్పష్టం చేశాయి.

ఐ-స్టెమ్ సాధించిన మేలు తక్కువది కాదు. ఏ పరికరం ఎక్కడుందో తెలియకపోవడమే చిన్న కళాశాలల పరిశోధకులకు తొలి అవరోధం. దాన్ని ఈ పోర్టల్ చాలావరకు తొలగించింది. కాని జాబితా వేరు, వంతు వేరు. పరికరం మరమ్మతులో ఉందన్న సంగతిని ఆతిథ్య సంస్థ నమోదు చేయకపోతే పోర్టల్‌లో అది పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. స్థానిక పరిశోధకులు సంస్థలోని నోటు పుస్తకంలో పేర్లు రాసుకుంటూ, బయటివారు పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుంటూ ఉంటే ఒకే పరికరానికి రెండు క్యూలు ఏర్పడతాయి. అందులో ఏ క్యూ ముందు కదులుతుందో ఊహించడం కష్టం కాదు.

4. సాఫ్ట్‌వేర్ల తులన:

సంస్థ స్థాయిలో అందుబాటులో ఉన్న మార్గాలు స్థూలంగా నాలుగు. మొదటిది గూగుల్ క్యాలెండర్ వంటి ఉచిత సాధనం. ఒకటి రెండు పరికరాలకు అది చాలు. కాని శిక్షణ పొందినవారు మాత్రమే నమోదు చేసుకోవాలన్న నియమాన్ని అది అమలు చేయలేదు. రెండోది లిబ్రేబుకింగ్. బుక్డ్ షెడ్యూలర్ వాణిజ్య బాట పట్టిన తర్వాత దాని బహిరంగ మూలసంకేతం నుంచి సముదాయం కొనసాగించిన రూపమిది. కోటాలు, అనుమతులు ఇందులో ఉన్నాయి. లైసెన్సు రుసుము లేదు గాని సర్వర్, దాన్ని చూసుకొనే మనిషి కావాలి. మూడోది అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ రూపొందించిన నెమో. అర్హత ఉన్నవారు లాగిన్ అయితేనే పరికరం పనిచేసేలా అనుసంధానించే వీలు దీని ప్రత్యేకత. నానో ప్రయోగశాలలకు తగినది, చిన్న కళాశాలకు భారమైనది. నాలుగోది 2016లో ఎజిలెంట్ కొనుగోలు చేసిన ఐల్యాబ్ వంటి వాణిజ్య సేవ. బిల్లింగ్‌లో బలమైనదే గాని ఏటా రుసుము చెల్లించాలి. గ్రాంటు ముగిసిన సంవత్సరం వివరాలన్నీ ఏమవుతాయన్న ప్రశ్నకు ఒప్పందంలోనే సమాధానం ఉండాలి.

క్యాలెండర్ సాధనాలన్నింటి వెనుక ఒక ఊహ ఉంది: పరిశోధకుడు స్వయంగా వచ్చి పరికరాన్ని వాడతాడని. యు.వి. స్పెక్ట్రోఫోటోమీటర్‌కు ఇది సరిపోతుంది. ఎన్.ఎం.ఆర్., ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వంటివాటిని సాధారణంగా నిపుణులైన ఆపరేటర్లు నడుపుతారు, బయటివారు నమూనాలు పంపుతారు. అక్కడ కావలసింది గంటల పట్టిక కాదు, నమూనాల క్యూ. పైగా పి.సి.ఆర్. రెండు మూడు గంటల్లో ముగుస్తుంది, లయోఫిలైజర్ ఒకటి రెండు రోజులు నడవవచ్చు. హెచ్.పి.ఎల్.సి.లో ద్రావణిని మార్చిన ప్రతిసారీ కాలమ్ స్థిరపడేవరకు ఆగాలి. అన్నింటికీ ఒకే గంట కొలత పెట్టే సాఫ్ట్‌వేర్ ఏ పరికరానికీ న్యాయం చేయదు.

5. వంతు నియమాలు:

'ముందు వచ్చినవారికి ముందు' అన్న నియమం తటస్థంగా కనిపిస్తుంది. నెల మొదటి తేదీన పట్టిక తెరుచుకుంటుందని తెలిసిన పెద్ద ప్రయోగశాల ఆ ఉదయమే నెలంతా నింపుకోగలదు. అందువల్ల ఒక్కొక్క ప్రయోగశాలకు గరిష్ఠ పరిమితి, రాకపోతే వంతు తిరిగి అందరికీ తెరుచుకొనే ఏర్పాటు, మొదటిసారి హెచ్చరిక, ఆపై తాత్కాలిక నిలుపుదల అవసరం. మరమ్మతు సమాచారం దూరంలో ఉన్నవారికి మొబైల్ సందేశంగా ముందే చేరాలి.

పరికరం 90 శాతం సమయం వాడుకలో ఉందన్న నివేదిక గొప్పగానే ఉంటుంది. ఆ సమయమంతా ఒకే ప్రయోగశాలది అయినా శాతం మారదు. కాబట్టి సంస్థలోనివారి నిరీక్షణ కాలాన్నీ బయటివారి నిరీక్షణ కాలాన్నీ విడివిడిగా చూపగల సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్ట్యా వాడుకదారుల వివరాలు ఎక్కడ నిల్వ ఉంటాయో, వాటిని పూర్తిగా వెనక్కి తీసుకొనే వీలుందో కూడా చూడాలి.

6. ఒక ఆక్షేపణ:

పరికరాన్ని కొని, విద్యుత్తు, నిర్వహణ ఒప్పందం, ఆపరేటరు జీతం భరించే సంస్థకు ప్రాధాన్యం ఉండవద్దా అన్న ఆక్షేపణ సహేతుకమైనదే. ఆ ప్రాధాన్యాన్ని బహిరంగ నియమంగా రాయడమే దానికి పరిష్కారం. ఉదాహరణకు వారంలో కొన్ని గంటలు బయటివారికి కేటాయించి, 48 గంటల ముందువరకు ఎవరూ తీసుకోకపోతే ఆతిథ్య సంస్థకే తిరిగి ఇవ్వవచ్చు. పరికరం ఖాళీగా ఉండదు, బయటి పరిశోధకుడి వంతు ఎవరి దయపైనా ఆధారపడదు. వాడుక రుసుమును నిర్వహణ ఖర్చుకే మళ్లిస్తే సంస్థకూ నష్టం లేదు.

7. ముగింపు:

పై పరిశీలనను బట్టి సిద్దిపేట వంటి జిల్లాకు కింది నిర్ధారణలు చేయవచ్చు.

• సాఫ్ట్‌వేర్ కొనకముందే సంస్థలు కలిసి వంతు నియమాలను రాసుకోవాలి.
• జిల్లా సంస్థలన్నింటికీ ఒకే ఉమ్మడి పట్టిక, ఒకే వాడుకదారుల వర్గం ఉండాలి. బాధ్యుడైన ఒక ఉద్యోగిని నియమించగలిగితే లిబ్రేబుకింగ్ వంటి బహిరంగ వ్యవస్థ దీనికి అనుకూలం.
• ఐ-స్టెమ్‌లో పరికరాల ఉనికిని చూపుతూ, స్థానిక క్యూను, పోర్టల్ క్యూను ఒకటిగా నడపాలి.
• గంటల పట్టిక, నమూనాల క్యూ రెండూ ఉన్న వ్యవస్థనే పరిగణించాలి.
• నిరీక్షణ కాలాన్ని ఏటా ప్రకటించాలి.

పరిశోధక విద్యార్థికి గడువు ఉంటుంది, ఫెలోషిప్‌కు ముగింపు తేదీ ఉంటుంది. ఒక విశ్లేషణ కోసం మూడు నెలలు ఆగితే అతడు కోల్పోయేది సిద్ధాంత గ్రంథంలోని ఒక అధ్యాయం కావచ్చు. ఆ నష్టం ఏ సంస్థ వార్షిక నివేదికలోనూ కనిపించదు. దాన్ని కనిపించేలా చేయగలిగిన సాఫ్ట్‌వేరే ఎంపికకు యోగ్యమైనది.