రేపటి అరల్లో వెలివాడ ఎక్కడ?

గ్రంథాలయం అంటే పుస్తకాల గది మాత్రమే కాదు. ఏది దాచాలె, ఏది పారెయ్యాలె, దాచినదాన్ని ఏ పేరుతో పిలవాలె అని ఎవరో తీర్మానం చేసిన తర్వాతనే పుస్తకం మన చేతికొస్తుంది. ఆ తీర్మానం చేసిన చేతులకు కులం ఉంటుంది. సైన్స్ ఫిక్షన్ విషయంలో ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. ఇది రేపటిని చెప్పే సాహిత్యమని పేరు. మరి ఆ రేపు ఎవరిది? ఈ ప్రశ్నకు గ్రంథాలయం ఇస్తున్న జవాబును కూడా ఒక రచనను చదివినట్టే చదివి, విమర్శకు పెట్టాలె.

నా పరిశోధనలో భాగంగా ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తెలుగు సైన్స్ ఫిక్షన్ కోసం వెతికాను. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి అంకె 894.827. ఆ అంకె కింద నవలలన్నీ రచయితల పేర్ల వరసలో నిలబడి ఉన్నాయి. యండమూరి 'చీకట్లో సూర్యుడు' అయినా, సంసార నవల అయినా ఒకే వరస. కేటలాగులో 'సైన్స్ ఫిక్షన్' అని అడిగితే ఇంగ్లీషు పుస్తకాలే పైకొచ్చాయి. తెలుగువి ఒక్కొక్కటి చేత్తో తీసి చూసుకోవాల్సిందే. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లు, అద్దె పుస్తకాల కొట్లలో నలిగిన చవక నవలలు దాదాపు లేవు. అవి సాహిత్యం కాదు, కాలక్షేపం అన్న పాత తీర్పు అక్కడ ఇంకా అమలులోనే ఉంది. హైవే మీదున్న మా కట్టంగూరు లాంటి ఊర్లల్ల చదువు కొత్తగా వచ్చిన ఇండ్లకు ముందు చేరింది ఆ చవక పుస్తకాలే. అంటే గ్రంథాలయం పారేసింది ఒక రకం నవలలను మాత్రమే కాదు, ఒక రకం పాఠకుల చరిత్రను కూడా.

ఇట్లా కాకుండా కూడా చెయ్యొచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ క్యాంపస్‌లో ఉన్న ఈటన్ సేకరణ 1969లో ఒక డాక్టరు కూడబెట్టిన సుమారు 7,500 పుస్తకాలను కొనడంతో మొదలైంది. పండితులు ముట్టని చవక పత్రికలు, అభిమానులే అచ్చేసుకున్న కరపత్రాల లాంటి చిన్న పత్రికలు కూడా అక్కడ భద్రంగా ఉన్నాయి. అదే రాష్ట్రంలో హంటింగ్టన్ లైబ్రరీ నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ (1947-2006) కాగితాలను దాచింది. ఆమె తల్లి తెల్లవాళ్ల ఇండ్లల్ల పనిమనిషి. ఆ తల్లి బిడ్డ రాసుకున్న నోట్సులు ఇవాళ పరిశోధకులకు ఆకరాలు. మన దగ్గర ఇండ్లల్ల పాచిపని చేసే తల్లి బిడ్డ నోట్‌బుక్కుల కోసం ఏ విశ్వవిద్యాలయం అర ఖాళీ చేసింది?

ఇక దొరికిన పుస్తకాల లోపలికి పోదాం. ఈ దేశంలో ఈ ప్రక్రియ పాతదే. జగదీశ్ చంద్రబోస్ 1896లో తలనూనెతో తుపాను ఆగిపోయిన కథ రాశాడు. రొకేయా సఖావత్ హుసేన్ 1905లో 'సుల్తానాస్ డ్రీమ్'లో ఆడవాళ్లు ఏలే రాజ్యాన్ని ఊహించింది. ఆడవాళ్లను పరదాలో పెట్టిన సమాజాన్ని ఆమె తలకిందులు చేసి చూపింది. అంటే ఊహకు రాజకీయం ఉంటుందని వంద ఏండ్ల కిందనే తేలిపోయింది. కానీ కులాన్ని తలకిందులు చేసే ఊహ ఎందుకు అంత ఆలస్యమైంది?

తెలుగువాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ 'ఆదిత్య 369'. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఈ సినిమా 1991 జూలైలో వచ్చింది. అందులో కాలయంత్రం ఎక్కిన నాయకుడు 1526లో రాయలవారి కాలానికి పోయి, ఆ తర్వాత 2504కు పోతాడు. సినిమా తెలివైనదే, వినోదానికి లోటు లేదు. కానీ ఒక్క మాట అడగాలె. ఆ యంత్రం ఎక్కినవాడు మాదిగ పిల్లగాడైతే రాయల కాలంలో ఎక్కడ దిగుతాడు? సభలోనా, ఊరి బయటనా? గతం అంటే స్వర్ణయుగం అని నమ్మేవాళ్లకే కాలప్రయాణం విహారయాత్ర అవుతుంది. ఆ సినిమా వచ్చిన కొద్ది రోజులకే, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు శిక్ష పడినవాళ్లందరినీ విడుదల చేసింది. కొందరికి గతంలోకి పోవడానికి యంత్రమే అక్కర్లేదు.

ఇదే సంగతిని బట్లర్ 1979లో 'కిండ్రెడ్' నవలలో చెప్పింది. 1976 నాటి నల్లజాతి స్త్రీ తన ప్రమేయం లేకుండానే బానిసత్వ కాలపు మేరీల్యాండ్ తోటలోకి లాగబడుతుంది. ఆ కాలానికి ఆమె అతిథి కాదు, ఆస్తి. చివరిసారి తిరిగి వచ్చేటప్పుడు ఒక చెయ్యి పోగొట్టుకుని వస్తుంది. కాలయంత్రాన్ని అణగారినవాళ్ల దిక్కు నుంచి చూస్తే కథ ఇట్లా మారిపోతుంది.

సైన్స్ మనకు దూరం, అందుకే దళితులు ఈ కథలు రాయలేదు అనేవాళ్లున్నారు. నల్లగొండ బిడ్డలకు ఈ మాట చెప్పొద్దు. ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో 'నల్గొండ టెక్నిక్' అని ఒకటుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడును తీసే పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసింది. పద్ధతికి మా జిల్లా పేరు వచ్చింది గానీ, మునుగోడు, మర్రిగూడ దిక్కు మనుషులకు మంచినీళ్లు రాలేదు. కృష్ణ మీద నాగార్జునసాగర్ 1967 నుంచి అదే జిల్లాలో నిండుతున్నది. మిషన్ భగీరథ నల్లాలు 2016 తర్వాత వచ్చేసరికి తరాలకు తరాలే నడుములు వంగిపోయినయి. నీళ్లు తాగితే ఎముకలు వంకర పోయే లోకాన్ని వేరే గ్రహం మీద ఊహించాల్సిన అవసరం మాకేముంది? సైన్స్ మాకు దూరం కాదు. సైన్స్ ఎవరి పొలం దాకా పోయి ఎవరి గుడిసె ముందు ఆగిందో మాకు తెలుసు. ఆ తెలివి ఇంకా నవల కాలేదు, అంతే.

ఊహ కూడా మాకు కొత్త కాదు. చిందువాళ్లు, డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణంలో ఆది జాంబవుడు భూమి పుట్టక ఆరు నెలల ముందే పుట్టినవాడు. సృష్టి ఎట్లా మొదలైంది, పై కులాలు ఎట్లా పుట్టుకొచ్చాయి అని మాదిగల దిక్కు నుంచి అడిగే కథ అది. గ్రంథాలయం దీన్ని 398, అంటే జానపదం, అనే అంకె కింద పెడుతుంది. అదే వేరే చేతి నుంచి వస్తే కల్పనా సాహిత్యం, మా వాడ నుంచి వస్తే జానపదం! పురాణమూ సైన్స్ ఫిక్షనూ ఒకటేనని నేను అనడం లేదు. పురాతన విమానాలున్నాయని చెప్పే బ్రాహ్మణీయ బుకాయింపుకు అది దారి తీస్తుంది. నేననేది వేరు. ఉన్న లోకాన్ని కాదని వేరే లోకాన్ని కట్టే శక్తికి మా దగ్గర వారసత్వం ఉంది. ఆ వారసత్వానికి అర లేదు.

భూమి లేదు, హాస్టల్ల అన్నం సరిగ్గ లేదు, ఇప్పుడు ఈ గ్రహాల కథలెందుకని కార్యకర్తలు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు రోహిత్ వేముల ఇచ్చాడు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయే ముందు రాసిన ఉత్తరంలో, కార్ల్ సేగన్ లాగ సైన్స్ రచయిత కావాలని ఉండేదని చెప్పుకున్నాడు. సేగన్ సైన్స్‌తో పాటు 'కాంటాక్ట్' అనే నవల కూడా రాసినవాడు. రోహిత్ విషయంలో మనం స్కాలర్‌షిప్ గురించి, సస్పెన్షన్ గురించి కొట్లాడినం. కొట్లాడాల్సిందే. ఆ కోరిక గురించి మాత్రం తక్కువ మాట్లాడినం. రాయకుండా మిగిలిపోయిన పుస్తకం కూడా కుల హింస లెక్కలోకే వస్తుంది.

దారి ఇప్పుడు కొంత తెరుచుకుంది. కలకత్తా నుంచి వచ్చిన దళిత రచయిత్రి మిమీ మండల్ 2017లో బట్లర్ మీద వచ్చిన 'లూమినసెంట్ థ్రెడ్స్' సంకలనానికి ఒక సంపాదకురాలు. ఆ పుస్తకానికి 2018లో లోకస్ అవార్డు వచ్చింది. ఇంగ్లీషులో మొదలైన ఈ పనికి తెలుగులో అడ్డుపడేది ప్రతిభ కాదు, ఆకరాలు లేకపోవడం.

అందుకే విద్యార్థులు, అధ్యాపకులు గ్రంథాలయాలను కొన్ని అడగాలె. వారపత్రికల సంపుటాలు పారెయ్యొద్దు. సీరియల్ నవలల పట్టిక తయారు చెయ్యాలె. తెలుగు సైన్స్ ఫిక్షన్‌కు కేటలాగులో విషయ శీర్షిక పెట్టాలె. జాంబపురాణం చెప్పేవాళ్ల గొంతులను వాళ్ల పేర్లతో, వాళ్ల అనుమతితో రికార్డు చేసి, జానపదం కిందనే కాక సాహిత్యం కింద కూడా నమోదు చెయ్యాలె. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. మొదటితరం పిల్లలు రాసుకున్న నోట్‌బుక్కులు చెత్తబుట్టకు పోకముందే అడగడం మొదలుపెడదాం.