వెదకుట వేఱు, చదువుట వేఱు

పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల సాహిత్యమును విశ్వవిద్యాలయములలో బోధించు విధానము గడచిన ఇరువదియేండ్లలో మిక్కిలి మాఱినది. పూర్వము పెద్ద గ్రంథాలయములకు పోయినగాని కానరాని పత్రికలు నేడు విద్యార్థి యింటనే కంప్యూటరు తెఱపై కానవచ్చుచున్నవి. ఈ సౌలభ్యమును నిందించు మూఢత్వము మాకు లేదు. అయినను పరికరము చేతికి వచ్చినంతనే విద్యయు వచ్చినదను భ్రమను విమర్శింపక తప్పదు.

ఒక్క యుదాహరణము చాలును. చార్లెస్ డికెన్సు తాను నడపిన ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ అను వారపత్రికలో 1854 ఏప్రిల్ 1 మొదలు ఆగస్టు 12 వఱకు ‘హార్డ్ టైమ్స్’ నవలను ప్రకటించెను. బకింగ్‌హామ్ విశ్వవిద్యాలయమువారు ఆ పత్రికను పుటచిత్రములతోను, వెదకుటకు వీలైన పాఠముతోను అంతర్జాలమున నుంచిరి. యంత్రము చదువుటలో దొరలిన తప్పులను అనేకులు స్వచ్ఛందముగా దిద్దిరి. ఇది కొనియాడదగిన కృషి.

ఈ నిధిని రెండు విధముల వాడవచ్చును. వెదుకు పెట్టెలో నొక పదమునుంచి, బయల్పడిన పంక్తులను కూర్చి వ్యాసము వ్రాయుట యొకటి. అట్టి విద్యార్థి ఆ పంక్తి ఏనాటి సంచికలోనిదో, దాని ప్రక్కన నేమి అచ్చయినదో చూడడు. ఒక సంచికను మొదటినుండి తుదివఱకు చదువుట రెండవది. మేము 1854 ఏప్రిల్ 22 నాటి సంచికను అట్లు చదివితిమి. నవల నాలుగవ భాగము వెలువడిన ఆ సంచికలోనే ‘గ్రౌండ్ ఇన్ ది మిల్’ అను వ్యాసము కలదు. కంచె వేయని యంత్రములలో చిక్కి అవయవములను, ప్రాణములను కోల్పోయిన శ్రామికుల గాథ యది. వ్యాసములకు పేర్లు వేయుట ఆ పత్రిక యాచారము కాదు. కార్యాలయపు పుస్తకమువలన నది హెన్రీ మోర్లీ రచన యని తెలియుచున్నది.

ఇచ్చట అధ్యాపకుడు చెప్పవలసిన మాట యొకటి కలదు. నవలలోని రాచేలు చెల్లెలికి యంత్రమున చేయి తెగిన ప్రస్తావమును, మోర్లీ వ్యాసమును చూడుడను అడుగుసూచికయు ప్రూఫులలో నుండెను. డికెన్సు రెండింటిని తొలగించెను. ఏల తొలగించెను? వాదము కథను మ్రింగునని శంకించెనా? చెప్పవలసినది వ్యాసమే చెప్పినదని తలచెనా? ఈ ప్రశ్నతోనే విద్య ఆరంభమగును. నవలనుండి తొలగిపోయినదానిని నవలలో ఎంత వెదకినను దొరకదు. ప్రశ్నింప నేర్చినవాడే ఆ లోటును గుర్తించును.

వెదకుట వ్యర్థమని మా యభిప్రాయము కాదు. చదివినవాని చేతిలో నది దివిటీ. చదువనివాని చేతిలో నది చదువు తప్పించుకొను ఉపాయము. మన వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ సయితము మొదట ‘వివేకవర్ధని’లో భాగములుగా వెలువడినదే. దానిని సంచికల నడుమ నుంచి బోధించువా రెందఱు?

ఆ నవలలోనే బిట్జరను బాలుడు గుఱ్ఱమునకు పండ్లెన్నియో తడుముకొనక చెప్పును. గుఱ్ఱములవారి నడుమ పెరిగిన సిసీ జూపు నిర్వచనము చెప్పలేక తెల్లబోవును. గుఱ్ఱము నెఱిగినది ఎవరో చదువరులకు విశదమే. మన తరగతులలో బిట్జరులను పెంచుటకే అయినచో, ఇంత గొప్ప పరికరము మన కేల?