తిరిగి వేయించుకున్న ముద్ర: ఒక లోకాంతర కథనంలోని వైఫల్యం

జపాను అనిమేలలో 'ఇసెకాయ్' అనే కథాభేదం విశేష ప్రచారం పొందింది. 'ఇ' అంటే వేరు, 'సెకాయ్' అంటే లోకం. ఈ లోకపు మనిషి మరో లోకానికి చేరడం దీని కథాసూత్రం. అనెకో యుసగి నవలల ఆధారంగా కినెమా సిట్రస్ సంస్థ 2019లో నిర్మించిన 'ద రైజింగ్ ఆఫ్ ద షీల్డ్ హీరో' ఈ కోవలోనిదే. దాని తొలి విడతలోని మొదటి భాగాలే ఈ వ్యాసానికి పరిధి. వాటిలో తొలిభాగం నాలో పెద్ద ఆశనే కలిగించింది.

గ్రంథాలయంలో పుస్తకం తిరగేస్తున్న 20 ఏళ్ల విద్యార్థి నావొఫుమి ఉన్నట్టుండి మెల్రోమార్క్ రాజ్యంలో తేలతాడు. ఆ లోకాన్ని కాపాడేందుకు పిలిపించిన నలుగురు వీరులలో తక్కిన ముగ్గురికీ కత్తి, ఈటె, విల్లు దక్కగా ఇతనికి దక్కింది డాలు. సహచరిగా వచ్చిన యువతి అతని సొమ్ము అపహరించి, పైగా అతడు తనపై అత్యాచారానికి ఒడిగట్టాడని నింద మోపుతుంది. అబద్ధపు ఆరోపణను కథకు ఇరుసుగా చేసుకోవడంపై వచ్చిన అభ్యంతరాలు నిరాధారమైనవి కావు. అయినా అవమానితుని అంతరంగాన్ని చూపిన తీరు బలమైనది. ఆనాటి నుండి అతని నోటికి రుచి తెలియదు. ఏ సంభాషణా చెప్పలేనిది ఈ ఒక్క వివరం చెబుతుంది.

మనుషులను నమ్మలేనివాడు ఒక బానిసను కొంటాడు. ఆమె రఫ్తాలియా. తల్లిదండ్రులను పోగొట్టుకుని, దగ్గుతో కృశించిన చిన్నపిల్ల. ఆజ్ఞ మీరితే ఒంటిపై ఉన్న ముద్ర ఆమెను బాధిస్తుంది. చంపడానికి వెనుకాడినప్పుడు అతడా బాధను ఆయుధంగా వాడుకుంటాడు కూడా. ఇంతవరకు కథ నిజాయితీగానే ఉంది. మోసపోయినవాడు మోసగించలేని మనిషినే కోరుకోవడం మనస్తత్వరీత్యా సమంజసం. అతడు క్రూరుడవుతున్నాడని మనకు తెలుస్తూనే ఉంటుంది. అతడే ఆమెకు బంతి ఇస్తాడు, చిన్న జెండా గుచ్చిన పిల్లల భోజనం పెట్టిస్తాడు. క్రౌర్యం, వాత్సల్యం ఒకే చేతిలో ఉన్న ఈ ఘట్టాలే ధారావాహికలో ఉత్తమమైనవి.

ఆపైన రఫ్తాలియా యువతి అవుతుంది. అందుకు ఏళ్లు గడవనక్కరలేదు. ఆ లోకంలో ఆమె జాతివారికి 'లెవెల్' పెరిగితే దేహమూ పెరుగుతుంది. బాల్యం ఆటలోని అంకెగా మారి మాయమైపోతుంది. బంతి ఇచ్చిన సంరక్షకుణ్ణి ప్రియతమునిగా మార్చడానికి కథకునికి ఉన్న అడ్డు ఇలా తొలగిపోతుంది.

నాలుగో భాగంలో ఈటె వీరుడు మొతొయాసు ఆమె విముక్తి కోసం ద్వంద్వయుద్ధానికి దిగుతాడు. బానిసత్వం తప్పని గట్టిగా వాదించేది అతడే. కానీ కథ అతణ్ణి అవివేకిగా, నింద మోపిన ఆ యువతి చేతిలో కీలుబొమ్మగా చిత్రించింది. గెలుపు కూడా ఆమె మోసం వల్లనే వస్తుంది. దానితో బానిసత్వ నిరసన ప్రతినాయక పక్షపు మాటగా మిగిలిపోయింది. రాజు ముద్రను తొలగింపజేస్తాడు. స్వతంత్రురాలైన రఫ్తాలియా నావొఫుమినే ఎంచుకుంటుంది, అతనికి రుచి తిరిగి వస్తుంది. ఇక్కడ ఆగి ఉంటే నాకు ఇంత నిరాశ ఉండేది కాదు. తరువాతి భాగంలో ఆమె తనంత తానుగా ముద్రను మళ్లీ వేయించుకుంటుంది, అతని నమ్మకానికి గుర్తుగా! ఆమె సమ్మతితో కొన్నవాని దోషం కడిగివేయబడింది. అతడు తనను తాను ప్రశ్నించుకోవలసిన అవసరమే లేకపోయింది.

లోపం ప్రయాణికునిలోనే ఉందని నా అభిప్రాయం. పెద్దన ప్రవరుడు పాదలేపంతో హిమాలయానికి వెళ్లినప్పుడు తన నిత్యకర్మలను, ఇంటి ధ్యాసను వెంట తీసుకువెళ్లాడు. లేపం కరిగిందని తెలిశాక వరూధినిని అతడడిగింది ఇంటిదారి. ఆ నిష్ఠ ఆమె లోకాన్ని ఎదిరించింది కనుకనే అక్కడ నాటకీయత పుట్టింది. ఆ నిష్ఠతో మనం ఏకీభవించనక్కరలేదు. నావొఫుమి నేటి జపాను నుండి వెంట తెచ్చుకున్నది మాత్రం ఆటల పరిచయమే. అతని ఇల్లు, చదువు, అక్కడ నేర్చిన తప్పొప్పులు కథలో ఏ నిర్ణయాన్నీ బరువెక్కించవు. వర్తకుని గుడారంలో రఫ్తాలియా రెండోసారి ముద్ర వేయించుకుంటున్నప్పుడు వద్దనడానికి అతని వద్ద గట్టి మాట ఒక్కటీ లేదు.