ట్వైలైట్ జోను నాటికలు: అన్యాపదేశము

రంగముమీఁద నాడిన నాటకము నటులతోడనే యంతరించు ననియు, టెలివిజనులో చూపిన నాటకము మఱునాఁటికే ప్రాఁతపడు ననియు లోకమున నొక యభిప్రాయము కలదు. అందును భావికాలపు యంత్రములను, గ్రహాంతరవాసులను వస్తువుగా గ్రహించిన కల్పనలకు ఆయువు మఱింత తక్కువ. నాఁటి రచయిత యూహించిన భావికాలము నేఁటివారికి గతకాలమై, యాతని రాకెట్టులు మనకు ఆటబొమ్మలుగా కనఁబడును. ఇట్లుండఁగా, అమెరికా దేశమున సీబీఎస్ సంస్థవారు 1959 అక్టోబరు 2వ తేదీ మొదలు 1964 జూను 19వ తేదీ వఱకు ప్రసారము చేసిన ‘ట్వైలైట్ జోను’ అను నాటికామాలిక, అఱువదియేండ్లు గడచిన పిమ్మటను ప్రేక్షకుల యాదరమును కోలుపోక నిలిచియుండుట విమర్శకులు విచారింపఁదగిన విషయము. ట్వైలైట్ జోను అనఁగా సంధ్యామండలము. వెలుఁగును చీఁకటియు కలిసికొను చోటు.

ఈ మాలికలో మొత్తము 156 నాటికలు కలవు. వానిలో 92 నాటికలను మాలికకు కర్తయగు రాడ్ సెర్లింగే వ్రాసెను. తక్కినవానిలో పెక్కింటిని రిచర్డు మాథెసను, చార్లెసు బోమాంటు అనువారు రచించిరి. ప్రతి నాటికయు స్వతంత్రమైన కథ. ఒకదాని పాత్రలకును, దేశకాలములకును మఱియొకదానితో సంబంధము లేదు. వీనినన్నిటిని గ్రుచ్చిన దారము, ఆదియందును అంతమునందును సెర్లింగు సూత్రధారునివలె పలుకు నాలుగు మాటలు మాత్రమే. 1983లో ఇది చలనచిత్రముగా వెడలినది. 1985, 2002, 2019 సంవత్సరములలో ఇదే పేరుతో క్రొత్త మాలికలు పుట్టినవి. వానికి రంగులు కలవు, ధనము కలదు, మెఱుఁగైన సాధనసంపత్తి కలదు. అయినను సహృదయులు మఱల మఱల చూడఁగోరునవి ఆ మొదటి నలుపుతెలుపు నాటికలే.

దీనికి అద్భుతరసమే కారణమని కొందఱందురు. ఆ మాట పరీక్షకు నిలువదు. ఈ నాటికలలోని వింతలు చాల పేదవి. ‘ఇన్వేడర్సు’ అను నాటికలోని వ్యోమనౌక, 1956లో వెడలిన ‘ఫర్బిడెన్ ప్లానెట్’ అను చలనచిత్రమునకై చేసిన నమూనాయే. కథాంతమున వచ్చు మలుపే కారణమని మఱికొందఱి వాదము. ఇదియు సంపూర్ణముగా సరికాదు. పొడుపుకథ విడిపోయిన పిదప దానిని మఱల నడుగువారు లేరు. ఈ నాటికల నన్ననో, అంతము నెఱిఁగినవారే తిరిగి చూచుచున్నారు. రామాయణకథ తెలియనివాఁడు మనలో లేఁడు. అయినను హరికథ వినుటకు జనులు కూడుచునే యుందురు. కావున తెలిసిన కథయందును మనసును నిలుపు గుణ మొకటి వీనిలో నుండవలెను. అది యేదియో తెలియుటకు ఈ మాలిక పుట్టుకను కొంత విచారింపవలసియున్నది.

సెర్లింగు 1924లో న్యూయార్కు రాష్ట్రమునందలి సిరక్యూసు పట్టణమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున పారాచూటు దళమునఁ జేరి ఫిలిప్పీను దీవులలో పోరాడెను. 1955లో ‘ప్యాటర్న్సు’ అను నాటకముచే టెలివిజను రచయితగా కీర్తి నందెను. ఆ కాలమున అమెరికాలో టెలివిజను నాటకములకు వ్యయమును భరించువారు తమ సరకులను ప్రకటించుకొను వర్తకసంస్థలవారు. రాజపోషణ మున్న కాలమున కవికి ప్రభు వెట్టివాఁడో, ఆ రచయితలకు ప్రకటనదారులు అట్టివారు. కొనువాఁ డొక్కఁడైనను నొచ్చుకొనరాదనుట వారి నీతి.

1955 ఆగష్టులో మిసిసిపీ రాష్ట్రమున ఎమెట్ టిల్ అను 14 యేండ్ల నల్లజాతి బాలుని తెల్లవారు ఎత్తుకొనిపోయి చంపిరి. నిందితులైన యిద్దఱిని, కేవలము తెల్లవారే కూర్చున్న జూరీ నిర్దోషులని విడిచిపుచ్చినది. ఒక యూరు ఊరంతయు హంతకునికి కొమ్ముకాయుట యెట్లు సంభవించునను ప్రశ్న సెర్లింగును విడువలేదు. అతఁడు వ్రాసిన ‘నూన్ ఆన్ డూమ్స్‌డే’ 1956లో ప్రసారమగునప్పటికి కథాస్థలము దక్షిణదేశమునుండి న్యూ ఇంగ్లండునకు మార్పఁబడెను. హతుఁడు పేరైన లేని విదేశీయుఁ డయ్యెను. 1958లో ‘ఎ టౌన్ హాజ్ టర్న్‌డ్ టు డస్ట్’ అను నాటకమున మఱల యత్నింపఁగా, కథ 1870 ప్రాంతమునకు, నైరుతి సీమకు తరలింపఁబడెను. హతుఁడు మెక్సికను యువకుఁ డయ్యెను. స్వకాలపు పాపము ఇట్లు పరకాలపు కథగా మాఱినది. 1959లో ట్వైలైట్ జోను ఆరంభమగుటకు ముందు మైక్ వాలెసు అను పాత్రికేయునితో ముచ్చటించుచు సెర్లింగు, ఈ క్రొత్త మాలికలో వివాదాస్పదములగు సాంఘికవిషయముల జోలికి పోనని తెలిపెను. తరువాతి నాటికలు చూచినవారికి ఆ మాటలోని యాంతర్యము బోధపడును.

ప్రస్తుతమును చెప్పక అప్రస్తుతమును వర్ణించి, దానివలన ప్రస్తుతమును స్ఫురింపఁజేయుటను మన యాలంకారికులు అప్రస్తుతప్రశంస యనిరి. ఆ రీతి పద్యములకు అన్యాపదేశములని పేరు. కాశ్మీరమున శంకరవర్మ యేలుబడిలో కవులు ఆదరము లేక దైన్యమున బ్రతికిరని చెప్పుచు కల్హణుఁడు భల్లటుని పేర్కొనినాఁడు. అన్యాపదేశములకు ప్రసిద్ధికెక్కిన శతకము ఆ భల్లటునిదే యగుట గమనింపఁదగినది. ఆంధ్రుఁడగు జగన్నాథపండితరాయలు భామినీవిలాసమున మొదటి విలాసమును ఇట్టి శ్లోకములతోనే కూర్చెను. ప్రభువునకు రుచింపని మాటను సింహముమీఁదనో, వృక్షముమీఁదనో పెట్టి చెప్పుట ప్రాచీనమైన మార్గము. సెర్లింగునకు ఈ శాస్త్రముతో పరిచయము కలదని నేను చెప్పుట లేదు. అవసరమే అతనిని ఆ త్రోవకు తెచ్చినది.

అయినచో ప్రకటనదారులు చేయించిన మార్పునకును, కవి చేసిన యన్యాపదేశమునకును భేదమేమి? రెండింటను కథాస్థలము మాఱినదే కదా యని శంకింపవచ్చును. నా యభిప్రాయమున ఈ మాలిక యాకర్షణము యొక్క రహస్యమంతయు ఈ భేదమునందే యున్నది. దానిని ఒక్క యుదాహరణముచే వివరించెదను.

1960 మార్చి 4వ తేదీన ప్రసారమైన ‘ది మాన్‌స్టర్సు ఆర్ డ్యూ ఆన్ మేపిల్ స్ట్రీట్’ అను నాటికను గ్రహింతము. మేపిల్ వీధి యను నొక సామాన్యమైన వీధి, సాయంసమయము. ఆకాశమున నొక వెలుఁగు మెఱసి పోవును. వెంటనే దీపములు, టెలిఫోనులు, మోటారుబండ్లు నిలిచిపోవును. గ్రహాంతరవాసులు తమవారిని మనుష్యరూపమున ముందుగా పంపుదురని, తాను చదివిన కథలనుబట్టి యొక బాలుఁడు చెప్పును. పెద్దలు నవ్వుదురు. ఇంతలో ఒకని బండి తనంతట తానే కదలును. నవ్వు మాని యందఱు వానివైపు చూతురు. రాత్రివేళ నిదురపట్టక వాఁడు ఆకాశమును చూచుచు నిలుచుండుట యొక నేరమగును. మఱియొకఁడు నేలమాళిగలో రేడియో చేసికొనుట వేఱొక నేరమగును. నిన్నటివఱకు ఇరుగుపొరుగుల వింత యలవాటులుగా నుండినవి ఒక్క రాత్రిలో సాక్ష్యములైపోవును. చీఁకటిలోనుండి యొక యాకారము నడచివచ్చును. ఒకఁడు తుపాకి పేల్చును. కూలినవాఁడు ప్రక్కవీధిలో దీపములు వెలుఁగుచున్నవేమో చూచివచ్చుటకు పోయిన పొరుగువాఁడే. చంపినవాఁ డంతలో తానే యనుమానమునకు పాత్రుఁడగును. వీధి యంతయు నొకరిపై నొకరు రాళ్లు రువ్వుకొను స్థితికి వచ్చును.

ఇందు ఎమెట్ టిల్ లేఁడు, మిసిసిపీ లేదు. అయినను మూఁక యెట్లు పుట్టునను ప్రశ్న, ముందు రెండు నాటకములలో చెప్పనీయనిది, ఇచట పూర్ణముగా చెప్పఁబడినది. ప్రకటనదారులు కథను ప్రేక్షకునికి దూరముగా తొలఁగించిరి. ఎనుబదియేండ్ల క్రిందటి నైరుతి సీమను చూచి న్యూయార్కువాఁడు “వా రట్టివారు” అని నిదురపోవచ్చును. సెర్లింగు కథను ప్రేక్షకుని గుమ్మము కడకు తెచ్చెను. మేపిల్ వీధి యే రాష్ట్రముదియు కాదు. కావున అది యందఱి వీధి. ఇచట చంపువారు మిసిసిపీవారని యుత్తరదేశీయుఁడు తప్పించుకొనుటకు వీలులేదు. మొదటి మార్పు అపరాధిని దాఁచినది. రెండవది ప్రేక్షకుని వానితో కూర్చుండఁబెట్టినది. ఈ కారణముచేతనే ఆ కథ 1960కి కట్టుపడి యుండలేదు. పొరుగువానిని పరాయివానిగా చూచు సమయము ఏ దేశమున నెప్పుడు వచ్చినను, ఈ నాటికయందలి ప్రస్తుతార్థము క్రొత్తదియై నిలుచును.

ఎఱిఁగిన కథను మఱల చూచుటయందలి ఫలము ‘ఐ ఆఫ్ ది బిహోల్డర్’ అను 1960 నవంబరు 11వ తేదీ నాటికలో స్పష్టముగా కనఁబడును. మొగమునిండ కట్టు కట్టిన యొక స్త్రీ వైద్యాలయమున పడియుండును. తన వికృతరూపమును మార్చుటకు చేసిన పదునొకండవ చికిత్స ఫలించునో లేదో యని యామె తపించును. వైద్యుల మొగములు నీడలోనే యుండును. కట్టు విప్పఁగా ఆమె మన కన్నులకు సౌందర్యవతి. వైద్యులు, దాదులు పందిమూతులవారు. మొదటి చూపున నిది యద్భుతము. రెండవమాఱు చూచునప్పుడు నీడలలోని మొగముల నెఱిఁగియే చూతుము గనుక, మన దృష్టి వారి మాటలమీఁదికి పోవును. ఆ వైద్యుఁడు క్రూరుఁడు కాఁడు. భిన్నరూపమునకు చోటులేని శాసన మేల యని దాదితో సంశయమును వెలిపుచ్చును. దాదుల స్వరమున దయ కలదు. కట్టడి తప్పైనపుడు దానిని నడపువారు దయాళువులైనను ఫలము తప్పే యగునని యప్పుడు తోఁచును. అద్భుతము కరుణముగా పరిణమించుట యిచట చూడఁగలము. మలుపు మాత్రమే ఇందలి జీవమైనచో ఈ రెండవ రసము పుట్టియుండదు.

మాథెసను వ్రాసిన ‘ఇన్వేడర్సు’ (1961 జనవరి 27) ఇంకను బిగువైనది. ఒంటరి కుటీరమున నొక ముదుసలి. ఆమెపై దండెత్తిన చిట్టి యాకారములు. ఆగ్నెస్ మూర్‌హెడ్ ఒక్క మాటయు పలుకక ఈ పాత్రను నిర్వహించినది. మనము ముదుసలి పక్షమున భయపడి, ఆ చిట్టివారు చచ్చినందుకు సంతసించిన పిమ్మట, కూలిన నౌకపై అమెరికా వాయుసేన పేరు కనఁబడును. మనుష్యులు వారే, మన మెవరిని ద్వేషించితిమో వారే మనము. అమెరికా తన మొదటి మనుష్యుని అంతరిక్షమునకు పంపుట ఆ సంవత్సరము మే నెలలో. ఆ యుత్సాహపు దినములలోనే, అన్యలోకమునకు పోయినప్పుడు మన మెవరికి రాక్షసులమగుదుమో యని యీ నాటిక యడిగినది. అడిగిన మాట యొక్కటియు అందు వాచ్యము కాదు.

వాచ్యమైన చోట్ల ఈ మాలిక వెలవెలఁబోవుటయు నిజమే. నాలుగవ సంవత్సరమున నాటికల నిడివి ఒక గంటకు పెంపఁబడెను. ఆ వరుసలోని ‘హీ ఈజ్ అలైవ్’ (1963) హిట్లరు నీడ యొక యువకునికి విద్వేషప్రసంగములు నేర్పుటను చూపును. వస్తువు గొప్పది, రచయిత యావేశము నిష్కపటము. కాని చెప్పవలసినదంతయు పాత్రలే చెప్పి, మిగిలినది సూత్రధారుఁడు చెప్పుటచే ప్రేక్షకునికి ఊహించుటకు చోటు లేదు. మేపిల్ వీధి నాటికలో సయితము, కొండమీఁద నిలిచిన గ్రహాంతరవాసులు మనుష్యస్వభావమును వ్యాఖ్యానించు ఘట్టము అనావశ్యకము. తుపాకిదెబ్బతోనే అర్థము ధ్వనించినది. కావ్యమున ధ్వనియే యాత్మ యని ఆనందవర్ధనుఁడు చెప్పిన సిద్ధాంతమునకు ఈ మాలిక తన గుణముచేతను, దోషముచేతను గూడ సాక్ష్యమిచ్చుచున్నది.

ఇఁక నొక బలమైన పూర్వపక్షము కలదు. చంపఁబడిన బాలునికి ఒక పేరు కలదు, ఒక తల్లి కలదు, ఒక జాతి కలదు. వానినన్నిటిని విడిచి “మనుష్యులందఱు ఇట్లే” యనుట, వానికి రెండవమాఱు జరిగిన యన్యాయము కాదా? ఈ యాక్షేపణమును తేలికగా త్రోసివేయరాదు. ‘ది బిగ్ టాల్ విష్’ (1960) అను నాటికలో ప్రధానపాత్రలను నల్లజాతి నటులే ధరించిరి. అది యా కాలమున అరుదైన సాహసము. కాని యందును వర్ణవిద్వేషము కథావస్తువు కాదు. అన్యాపదేశమునకు ప్రస్తుత మొకటి యుండవలెను. దాని నెఱుఁగని ప్రేక్షకుఁడు మేపిల్ వీధిని వట్టి వింతకథగా చూచి లేచిపోవచ్చును. అట్లు లేచిపోయినవా రుందురు. ఇది యీ మార్గమునకు సహజమైన లోపము. దీనిని కప్పిపుచ్చుట విమర్శధర్మము కాదు.

నా సమాధాన మింతమాత్రమే. టిల్ పేరును చెప్పు పని చరిత్రకారులది, పాత్రికేయులది, న్యాయస్థానములది. ఆ పనికి ఈ నాటికలు బదులు కాఁజాలవు. ఆ బాలుని చంపిన మూఁకలో చేరుట యెంత సులభమో చూచువానికి వాని హృదయమునందే తెలుపుట కవి పని. సెర్లింగు మొదటి దానిని చేయఁబూని రెండుమాఱులు అడ్డగింపఁబడి, రెండవదానిని సాధించెను. అడ్డగించినవారిని ఇందుకు పొగడవలసిన పనిలేదు. శంకరవర్మను భల్లటశతకమునకై యెవరును కొనియాడరు.

సెర్లింగు 1975 జూను 28వ తేదీన దివంగతుఁ డయ్యెను. ఆతని నాటికలను నేఁడు తొలిసారి చూచువారికి, ఆ ప్రకటనదారుల పేళ్లతోఁగాని, నాఁటి వివాదములతోఁగాని పరిచయము లేదు. అయినను మేపిల్ వీధిలో దీపము లాఱినప్పుడు వారు తమ వీధిని తలఁచుకొందురు. అప్రస్తుతము నిలిచి, ప్రస్తుతము ఎప్పటికప్పుడు మాఱుచుండుటయే ఈ మాలిక చిరంజీవిత్వమునకు మూలమని నా నిర్ణయము. దీనిని సహృదయులు పరిశీలింతురు గాక.