చలి తీరని సిలిండర్లు

స్పోర్ట్స్ కారు గలవారితో మాటాడునపుడెల్ల ఒక విశ్వాసము నా చెవిని పడుచుండును: ఇంజను వేగము వలననే అరుగునని, కావున దానిని మెల్లగా, కొద్ది దూరములకు మాత్రమే, అదియును పండుగకో పబ్బమునకో బయటికి తీసినచో చిరకాలము మన్నునని. బోరింగు షాపులలో గంటల తరబడి కూర్చుండి మేస్త్రీల పనితనము చూచుట వ్యసనమైన నాబోటివానికి ఈ మాట విన్నపుడు నవ్వు రాదు, జాలి కలుగును. సిలిండరు గోడపై అరుగుదల పడు తీరు ఈ విశ్వాసమునకు దాదాపు పూర్తిగా విరుద్ధము.

హెడ్డు విప్పిన బ్లాకును బల్లపై పెట్టగనే అనుభవముగల మేస్త్రీ ముందు ఏ పనిముట్టును ముట్టడు; బోరు పైయంచు నుండి వ్రేలిగోటిని మెల్లగా క్రిందికి జార్చును. బోరు అరిగినదైనచో, పై రింగు తన ప్రయాణము ముగించి వెనుదిరుగు చోట గోరు ఒక సన్నని మెట్టు దిగినట్లు తెలియును. మెట్టుకు పైనున్నది రింగు తాకని గోడ, క్రిందనున్నది అరిగిన గోడ. పిమ్మట డయల్ గేజిని దించి ఒకసారి క్రాంకు పొడవునను, ఒకసారి దానికి అడ్డముగను కొలిచినపుడు ముల్లు రెండు వేరు లెక్కలు చెప్పును. అనగా గుండ్రని బోరు కోలగా మారినదని అర్థము. పేలుడు శక్తి పిస్టనును క్రిందికి త్రోయు వేళ కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా నుండుటచే పిస్టను ఒక ప్రక్క గోడకే ఒరిగి జారును. కోలదనమునకు ముఖ్యకారణ మదియే.

ఇక మెట్టు సంగతి. హోండా ఎస్2000 కారు తొలి ఇంజనులో పిస్టను ప్రయాణము 84 మిల్లీమీటర్లు. నిమిషమునకు 9000 చుట్లు తిరుగునపుడు దాని సగటు వేగము సెకనుకు 25 మీటర్లు దాటును. అంతటి వేగములో సైతము రింగునకును గోడకును నడుమ ఆయిలు పొర చెదరదు, సరిగదా, వేగమే ఆ పొరను నిలబెట్టును. అయితే అదే పిస్టను నిమిషమునకు 18000 మార్లు పైననో క్రిందనో క్షణకాలము నిశ్చలమై వెనుదిరుగవలెను. ఆ నిలిచిన క్షణమున, అందును మంటయు ఒత్తిడియు మిక్కుటమైన పై కొసను, ఆయిలు పొర పలుచబడి లోహము లోహమును ఒరయును. హోనింగు రాయితో గోడపై అడ్డదిడ్డముగా, తిరుగలికి గంట్లు కొట్టినట్లు, సన్నని గీతలు పెట్టుట ఇందుకొరకే: ఆ గీతలలో నిలిచిన ఆయిలే కష్టకాలమున రింగును ఆదుకొనును.

ఇంతవరకు చెప్పినది వేడెక్కిన ఇంజను కథ. చల్లని ఇంజను కథ దీనికన్న దుఃఖకరమైనది. లీటరు పెట్రోలు మండినచో సుమారు లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. గోడ వేడిగా నున్నపుడు ఆ ఆవిరి సైలెన్సరు దారిని వెడలిపోవును గాని, గోడ చల్లగా నున్నపుడు అచ్చటనే చెమర్చి, దహనమున పుట్టిన ఆమ్లములను తనలో కలుపుకొని లోహమును తినివేయును. చల్లని ఇంజనునకు సరఫరా అగు పెట్రోలు మోతాదు ఎక్కువ గనుక, మండక మిగిలినది గోడనున్న ఆయిలును కడిగివేయును. ఒరిపిడి కంటె ఈ తుప్పే సిలిండర్లకు ప్రబల శత్రువని బ్రిటనులో విలియమ్స్ అను పరిశోధకుడు 1930ల నాడే ప్రయోగపూర్వకముగా చూపెను. ఆ ఫలితములు పుస్తకములలోనే మిగిలిపోయినవి కాబోలు, నేటికిని ఇండ్ల ముంగిట ఇంజనులు స్టార్టు చేసి, పావుగంటసేపు గుడగుడలాడించి ఆపు పెద్దమనుషులకు కొదువ లేదు.

ఈ మాటకు పెద్ద సాక్ష్యము నికాసిల్ చరిత్ర. అల్యూమినియము గోడపై నికెలును, అందు సిలికాన్ కార్బైడు రేణువులను పూయు ఈ పద్ధతిని జర్మనీలోని మాలే సంస్థ వాంకెల్ ఇంజను కొరకు రూపొందించెను. పోర్షే వారు దానిని 917 రేసు కార్లలో వాడి, పిదప 1973 నాటి కారెరా ఆర్ఎస్‌లో బోరును 84 నుండి 90 మిల్లీమీటర్లకు పెంచుటకు ఆధారముగ చేసికొనిరి. రేసుల తాకిడికి తట్టుకొనిన ఆ పూతయే 1990లలో బీఎండబ్ల్యూ వీ8 ఇంజనులలోను, జాగ్వార్ ఎక్స్‌కే8 లోను, ఊరిలో కూరగాయలకు పోయివచ్చు ప్రయాణములకు ఓడిపోయెను! నాటి పెట్రోలులో గంధకము హెచ్చు. చల్లని గోడపై అది ఆమ్లమై నికెలును కొరికెను. కడకు జాగ్వార్ వారు ఇనుప లైనర్లకు మరలిరి. మన దేశమున 2020 ఏప్రిలు నుండి పెట్రోలులో గంధకము పది లక్షలకు పది పాళ్లకు మించరాదన్న నియమము అమలగుటచే ఆ భయము తగ్గినది. నీటి భయము తగ్గలేదు.

పోర్షే 996, 997 తరములలోని కొన్ని ఇంజనులది వేరు వ్యాధి. అది క్రమముగా అరుగుట కాదు, గీతలు పడుట. ఆ సిలిండర్లలో ఇనుము లేదు. అల్యూమినియములో పొదిగిన సిలికాన్ స్ఫటికములే రింగులకు ఆధారము. పిస్టను ప్రక్కలకు పూసిన ఇనుప పూత ఊడినచో మెత్తని అల్యూమినియము గట్టి స్ఫటికములపై ఒరసికొని గోడను నిలువునా చీరును. ఇంజను ఆయిలు త్రాగుట, చల్లగానున్నపుడు టకటక శబ్దము, ఒకవైపు పొగగొట్టమునకే మసి పట్టుట దీని లక్షణములు. కారణములపై మేస్త్రీలలో నేటికిని వాదములున్నవి గాని, చల్లని ఇంజనును తొందరపెట్టుట మంచిదని వాదించువా డొక్కడును లేడు.

దుమ్ము సంగతి చెప్పనే అక్కరలేదు. ఎయిర్ ఫిల్టరు సరిగా బిగింపబడనిచో ఇసుక రేణువులు ఆయిలుతో కలసి బోరును సానపట్టును. మన రోడ్లపై ఇది మరువరాని మాట.

నివారణ మాత్రము ఖర్చు లేనిది. స్టార్టు చేసిన అర నిమిషములోపే బండిని కదల్చి, ఆయిలు వేడెక్కువరకు సగము చుట్లకు మించనీయక నడుపవలెను. నీటి ముల్లు నడిమికి వచ్చినంతనే తొందరపడరాదు, ఆయిలు దానికంటె చాల ఆలస్యముగా వేడెక్కును. 2000లో వెలువడిన బీఎండబ్ల్యూ ఎం3 మీటరులో ఆయిలు వేడెక్కు కొలది ఒక్కొక్కటిగ ఆరిపోవు దీపములను అమర్చినది ఈ ఓపికను నేర్పుటకే. వేడెక్కిన పిమ్మట పూర్తి చుట్లకు తీసికొనిపోవుటకు జంకనక్కరలేదు. తక్కువ తిరుగు బండికి ఆయిలు కిలోమీటర్లను బట్టి గాక నెలలను బట్టి మార్పించుడు. వారమున కొకసారి అరగంటకు తక్కువ కాకుండ రోడ్డుపై నడపుడు; అందుకు వీలు లేనిచో, బ్యాటరీ కొరకని అయిదు నిమిషములు స్టార్టు చేసి ఆపుట కంటె, బ్యాటరీకి చార్జరు తగిలించి ఇంజను జోలికి పోకుండుటయే మేలు.