తుపాకి దించాక ఏం పని చేశారు?

తెలంగాణ సాయుధ పోరాటం మీద మనకు నవలలకేం కొదవ లేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' నుంచి దాశరథి రంగాచార్య మీదుగా అంపశయ్య నవీన్ 'కాలరేఖలు' దాకా ఒక అర నిండుతుంది. వరసపెట్టి చదువుతుంటే నాకో సందేహం పట్టుకుంది. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. ఆ నవంబరులో ఈ ఆడవాళ్ళు ఏం పని చేసుకుని బతికారు?

పోరాటానికి ముందు సంగతి అడిగితే నవల బాగానే జవాబు చెబుతుంది. 'చిల్లర దేవుళ్ళు'లో వనజ ఆడబాప. గడీలో ఆమె బతుకే ఆమె చాకిరీ. ఆ చాకిరీని రంగాచార్య దాచలేదు, అందంగా చుట్టి చూపించలేదు. వెట్టి గురించి రాసిన ప్రతి నవలలోనూ స్త్రీ శ్రమ కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఎదురుగా దొర ఉన్నాడు. అన్యాయం చేసే మనిషికి ముఖం, మీసం, గడీ ఉన్నాయి. పోరాటం ముగిశాక ఆడమనిషి కుట్టుమిషన్ ముందో, పొలంలోనో, ఎవరింటి పొయ్యి దగ్గరో కూర్చుంటే దొర ఎవరు? అక్కడ మన నవలాకారుడికి కలం సాగదు. చాకిరీ అదే, ప్రతినాయకుడే మాయమయ్యాడు.

(ఆళ్వారుస్వామి రెండో నవలకి ఆడమనిషి పేరే పెట్టుకున్నాడు, 'గంగు' అని. అది పూర్తి కాకుండానే 1961లో పోయాడు. పుస్తకం 1965లో అసంపూర్ణంగానే వచ్చింది. దీన్ని సంకేతంగా తీసుకోకూడదని తెలుసు, అయినా గుచ్చుకుంటుంది.)

నవల వదిలేసిన పనిని వేరేవాళ్ళు చేశారు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు పోరాటంలో ఉన్న ఆడవాళ్ళని వెతికి, మాట్లాడించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. అందులో నన్ను పట్టుకున్నవి దళాల కథలు కావు, ఆ తర్వాతి సంగతులు. ఇంటికి వెళ్ళమన్నారు. ఏ ఇంటికి? కులం, కుటుంబం, కట్టుబాట్లు కాదనుకుని బయటికొచ్చిన మనిషికి తిరిగి వెళ్ళడానికి ఇల్లంటూ ఒకటి ఉండాలి కదా. మగవాళ్ళకి ఎన్నికలు, పార్టీ ఆఫీసు, యూనియన్ ఉన్నాయి. వీళ్ళలో చాలామందికి పెళ్ళి, వంట మిగిలాయి.

ఇక కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' (2012). 1918లో పుట్టిన మనిషి, తొంభై దాటాక తెచ్చిన పుస్తకం. దీన్ని చాలామంది త్యాగం పుస్తకంగానో, సీతారామయ్య భార్య పుస్తకంగానో చదువుతారు. నాకు మాత్రం అది ఉద్యోగం పుస్తకం. భర్త దూరమయ్యాక, ముప్పై దాటిన వయసులో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదవడం, కాకినాడలో పాలిటెక్నిక్ అమ్మాయిల హాస్టల్‌లో మేట్రన్‌గా చేరడం. పార్టీకి నగలిచ్చిన మనిషి నెలజీతం మీద బతకడం నేర్చుకోవడం కంటే పెద్ద చారిత్రక కథాంశం ఏముంటుంది? ఆమె ఆ భాగాల్ని గొంతు పెంచకుండా చెప్పింది. అందుకే చాలామంది పాఠకులు వాటిని దాటేసి విషాదం దగ్గరికి వెళ్ళిపోతారనుకుంటాను.

మేం సాఫ్ట్‌వేర్‌లో రిలీజ్ రోజు కేకు కోస్తాం. అసలు పని మర్నాడు సపోర్ట్ టికెట్లతో మొదలవుతుంది, దానికి ఫొటోలుండవు. మన పోరాట నవల కేకు దగ్గరే ఆగిపోయింది.

మునగాల వైపు చూస్తే ఈ లోటు ఇంకా బాగా కనిపిస్తుంది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణా జిల్లాకి చెందిన ఈ పరగణా. ఇక్కడ 1930లలోనే జమీందారు మీద రైతులు తిరగబడ్డారు. తర్వాత నిజాం పోలీసుల్ని తప్పించుకున్నవాళ్ళకి ఈ హద్దు ఆసరా అయింది. 1959లో నల్గొండ జిల్లాలో కలిసింది. 1967లో సాగర్ కాలువలకి నీళ్ళొదిలారు, కోదాడ, మునగాల వైపు వరి వచ్చింది. వరి వస్తే నాట్లు, కలుపు. అంటే ఒంగి చేసే పని, ఆడవాళ్ళ పని. షెల్టర్ ఇచ్చిన ఇంట్లో అర్ధరాత్రి అన్నం వండిన పదిహేనేళ్ళ పిల్ల 1967 తర్వాత ఎవరి మడిలో, ఎంత కూలికి నాటు వేసింది? ఆమె కూలి పెంచమని అడిగినప్పుడు ఎదురుగా ఉన్న ఆసామి ఒకప్పుడు ఆమె చేతి అన్నం తిన్న కామ్రేడే అయితే? ఇది నా ఊహే. కానీ నవలకి కావలసింది ఇలాంటి ఇరుకే.

మల్లు స్వరాజ్యం ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకి తూటా'. ఆమెకి ఆ పేరు నప్పుతుంది. తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి, మాట ఆమె చేతిలో ఆయుధమే. కానీ ప్రతి పుస్తకం మీదా తూటా ఉండాలని మనం ఆశిస్తే మేట్రన్ల కథలు ఎవరు రాస్తారు? కొత్తగా చారిత్రక నవల రాస్తున్న మిత్రులు పరిశోధనకి గడీల ఫొటోలు, తుపాకుల పేర్లు సేకరిస్తున్నారు. ఒకసారి 1950ల నాటి హాస్టల్ మెస్ ఖాతా, కుట్టుకూలి రేటు, నాటు కూలి కూడా వెతకమని అడుగుతున్నాను. ఆ నవల వస్తే మొదటి కాపీ నేను కొంటాను.