కుర్చీ వేసిన యోగా

ఉగాదికి ముందు నేను చేరిన యోగా క్లాసు మా పక్క వీధిలో, ఒక జిమ్ము మేడ మీద. ఏసీ, పాటలు, అద్దాల గోడలు. ఒక ఆసనంలో సర్దుకునేలోపే ఇంకోటి మొదలయ్యేది. "ఆంటీ, ఇంకొంచెం వంగండి" అని టీచరమ్మాయి ముద్దుగా అంటే వంగాను. నాలుగోనాటికి నడుము పట్టేసింది. యోగా నా ఒంటికి పడదని తేల్చేశాను. ఒకచోట ఇడ్లీ గట్టిగా ఉందని ఇడ్లీలే మానేసినట్టు.

మంచం మీద బోర్లా పడుకుని చదివితే తెలిసింది, పేర్లు వేరైనా ఇప్పటి యోగా పద్ధతుల్లో చాలావాటి వెనక ఉన్నది ఒకే గురువని. 1930లలో తిరుమలై కృష్ణమాచార్య మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా కుర్రాళ్లు. శ్వాసకో కదలిక చొప్పున గొలుసుకట్టుగా నేర్పారు. శిష్యుడు పట్టాభి జోయిస్ ఆ వరసనే అష్టాంగ విన్యాసంగా నిలబెట్టారు. కృష్ణమాచార్య బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్ మాత్రం మలేరియా, టైఫాయిడ్, క్షయలతో చిక్కిపోయిన పిల్లవాడు. తర్వాత పుణేలో ఆయన క్లాసులోకి కుర్చీలు, బెల్టులు, తాళ్లు, చెక్క దిమ్మలు రావడం నాకు ఆశ్చర్యమనిపించలేదు. మద్రాసు చేరాక కృష్ణమాచార్యే పద్ధతి మార్చారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, వయసూ జబ్బూ చూసి చెప్పేవారు. కొడుకు దేశికాచార్ పట్టుకున్నది ఆ దారి.

అంటే ఎదుటివాళ్ల ఒంటిని బట్టి పద్ధతి పుట్టింది. నేనేమో కుర్రాళ్ల కొలతకి కుట్టిన చొక్కా తొడుక్కుని చంకల్లో పట్టేసిందని ఏడ్చాను. (నిజానికి మైసూరు పద్ధతిలో ఎవరి వేగం వాళ్లదే, ఒకటి కుదిరాకే మరొకటి చెబుతారు. జిమ్ము మేడ మీద దొరికింది హడావిడి మాత్రమే.)

ఆ తర్వాత కాలనీ పార్కు క్లాసుకీ వెళ్లాను. చివర్లో అందరూ చేతులెత్తి గట్టిగా నవ్వాలి. చెప్పి నవ్వమంటే నాకు నవ్వు రాదు.

ఇప్పటి క్లాసు ఒక రిటైర్డు టీచరుగారి ముందుగదిలో. మొదటిరోజు ఏ ఆసనమూ వేయించలేదు. "బీపీ ఉందామ్మా? ఆపరేషన్లేమైనా అయ్యాయా? కింద కూర్చుంటే ఏ చెయ్యి ఆనించి లేస్తావు?" అని అడిగారు. ఆ మూడో ప్రశ్నకి నేను లేచి చూసుకుని గానీ జవాబు చెప్పలేకపోయాను. అక్కడే ఆవిడకి పడిపోయాను.

అరగంటకి మూడే ఆసనాలు. కుర్చీ మీద చేతులానించి వంగడం, గోడకి కాళ్లు చాపడం, త్రికోణాసనం. విసుగే, దాచను. గడియారం చూస్తూనే ఉంటాను. నడుము మాత్రం మళ్లీ పట్టలేదు.

ఇంట్లో చెక్క దిమ్మ లేదు. త్రికోణాసనంలో చెయ్యి నేలకి అందక కింద శబ్దరత్నాకరం నిఘంటువు పెట్టుకుంటున్నాను. "ఇన్నాళ్లకి దాన్ని షెల్ఫులోంచి దించావు" అన్నారు మా ఆయన. ఆసనం అయ్యాక పుస్తకాన్ని కళ్లకద్దుకుని లోపల పెట్టేస్తాను. వచ్చే నెల కాస్త సన్నటిది చూసుకోమన్నారు టీచరుగారు. కవితా సంపుటాలున్న అర వైపు చూస్తున్నాను.